బాపుకు గాలితుపాకి ముచ్చట

బాపూ,

తుపాకి పట్టుకొని నేను పంపిన ఫొటో చూసి అమ్మ అన్నం ముట్టలేదట. అడివిల అన్నల్ల కలిసిననని టేకుమట్ల బస్టాండుకాడ గుసగుసలట. యార్క్‌షైర్‌ల గొర్లు తప్ప అడివేడిది బాపూ! అది మా ఇంటి ఓనరు ముసలాయన గాలితుపాకి. ఆదివారం పూట డబ్బాలు కొడుతడు. చూపు ఆనదు గనుక మరలు తిప్పే పని నాకు ఒప్పజెప్పిండు.

దీని సిలిండర్‌ల 200 బార్ల గాలి నింపుతరు. మన ఆటో టైర్ల రెండు మూడు బార్లకు మించదు, చూసుకో. సిలిండర్‌ల ఎంతున్నా రెగ్యులేటర్ ఒక్క తీరుగ గాలి ఇడుస్తది. ట్రిగ్గర్ నొక్కితె స్ప్రింగు సుత్తిని తోస్తది, సుత్తి వాల్వును గుద్దుతది, అది రెప్పపాటు తెరుసుకుంటది, గుండు ఉరుకుతది. రెగ్యులేటర్ పెంచితె స్ప్రింగూ పెంచాలె, లేకుంటె ఆ గాలికి బిగుసుకున్న వాల్వు సుత్తికి లొంగది.

ముసలాయనకేమో స్ప్రింగు ఎంత బిగిచ్చినా సాలదు. యూరియా ఎక్కువైన పత్తిచేను లెక్క, ఏపు జోరుగుంటది, కాయ పట్టది: చప్పుడు పెరుగుతది, గాలి దుబార, వేగం అక్కడ్నే. నేను వేగం ఇంక పెరగనికాడిదాక బిగిచ్చి, అక్కడికెల్లి కొద్దిగ వదులు చేసిన. మిషను పెట్టి కొలిస్తె సెకనుకు 780 అడుగులు. గుండు బరువు 8.44 గ్రెయిన్లు, లెక్కగడితె 11.4 ఫుట్-పౌండ్లు. ఈడ 12 దాటితె పోలీసు సర్టిఫికెట్ కావాలె. "ఇంకో పావు మర" అంటడు ముసలాయన. పట్టుకుంటె ఆయనకేం, వీసా నాది!

2012ల ఈ దేశంలనే, లండన్ ఒలింపిక్స్‌ల మన హైదరాబాద్ గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌ల కాంస్యం కొట్టిండని ముసలాయనకు చెప్పిన. అప్పటిసంది నన్ను ఛాంపియన్ అంటుండు. నా గుండ్లు ఎక్కువ కంచెకే తగులుతయనుకో.

మక్కచేన్ల కోతులు పడ్డయని, వచ్చేటప్పుడు గాలితుపాకి ఒకటి పట్కరమ్మన్నవట. గొట్టం 4.5 మిల్లీమీటర్లు, జోరు 20 జౌళ్లు మించకుంటె మన దేశంల లైసెన్సు అక్కర్లేదు గని, కోతి జోలికి పోకు. గుండు దానికాడికి పోకముందే హనుమాండ్ల గుడి పూజారి నీకాడికొస్తడు, ఆయనకంటె ముందు అమ్మ. పటాకలు కాల్చు.

అమ్మను ఎల్లిపాయకారం పంపమను. ముసలాయనకు ఒక ముద్ద పెడత, పావు మర అడుగుడు బందైతది.

నీ కొడుకు