మెడికల్ బోర్డు అక్కర్లేని వారసత్వం

శాసనసభ ఎన్నికలు 2028 చివర్లో కదా, ఇప్పుడే ఏం తొందర అనేవాళ్లు ఒక్కసారి మంచిర్యాల రావాలి. ఇక్కడ ఓటు కావాలంటే పొద్దున్నే ఫస్ట్ షిఫ్టుకు బాయి గేటు దగ్గర నిలబడాలి. మసి అంటని తెల్ల అంగీ, నెత్తిన కొత్త హెల్మెట్. పట్టీ బిగించుకోవడం తెలియదు కాబట్టి వంగి దండం పెట్టినప్పుడల్లా అది కళ్ల మీదికి జారుతుంది. దాన్ని పైకి నెట్టుకుంటూ మొదటి మాట ‘నల్లసూర్యులారా’, రెండో మాట ‘మీ పిల్లలకు కొలువులు’.

ఆ రెండో మాట సంగతి చూద్దాం. సింగరేణిలో వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. తర్వాత అదే కారుణ్య నియామకం పేరుతో తిరిగొచ్చింది. కార్మికుడు కొత్తగూడెం మెడికల్ బోర్డు ముందు నిలబడాలి. తండ్రి పనికిరాడని డాక్టర్లు రాసిస్తేనే కొడుకు పనికొస్తాడు! ఒంట్లో బాగుందన్నారని ఇంటిల్లిపాదీ దిగులు పడే చోటు లోకంలో ఇంకోటి ఉంటుందా? ఇక మారుపేర్లవాళ్ల గోస వేరే. ఎప్పుడో ఇంకొకరి పేరు మీద బాయిలో దిగిన పాపానికి ఇప్పటికీ విచారణలే. 2022 దసరా నాడు టీఆర్‌ఎస్ పేరు బీఆర్‌ఎస్ చేసుకున్న పార్టీని మాత్రం ఏ విజిలెన్సూ పిలవలేదు.

కోర్టు కొట్టేయని వారసత్వం మా జిల్లాలోనే ఉంది. కాకా వెంకటస్వామి ఒకప్పుడు పెద్దపల్లి ఎంపీ. 2023లో ఒక కొడుకు వివేక్‌కు చెన్నూరు, ఇంకో కొడుకు వినోద్‌కు బెల్లంపల్లి. జిల్లాలో ఉన్న మూడు సీట్లలో రెండు ఒకే ఇంట్లో. 2024లో మనవడు వంశీకృష్ణకు తాత సీటు. 2025లో వివేక్‌కు కార్మిక శాఖతో పాటు గనులు కూడా. తండ్రి అన్‌ఫిట్ కాకుండానే కొడుకుకు పోస్టింగ్ వచ్చిందంటే, ఏ బోర్డు ఇచ్చిందో చెబితే మావాళ్లూ అక్కడికే పోతారు. కాంగ్రెస్, టీఆర్‌ఎస్, బీజేపీ, మళ్లీ కాంగ్రెస్ అని ఎన్ని ఏరియాలకు ట్రాన్స్‌ఫర్ అయినా వివేక్ సారు సీనియారిటీ పోలేదు.

దీన్ని కుటుంబ పాలన అని గులాబీవాళ్లు తిడతారు. తండ్రి ముఖ్యమంత్రిగా, కొడుకు, మేనల్లుడు మంత్రులుగా, బిడ్డ బొగ్గుగని కార్మిక సంఘానికి గౌరవాధ్యక్షురాలిగా నడిచిన పార్టీ అది. తిట్టడానికి అనుభవం కావాలి కదా. కమలంవాళ్లది మరో లెక్క. రాష్ట్రానికి 51 శాతం వాటా ఉన్న సింగరేణిని మేమెట్లా అమ్ముతామని ప్రధాని 2022లో రామగుండం వచ్చి అడిగారు. నిజమే, కంపెనీని అమ్మరు. 2024లో వేలానికి పెట్టింది మా శ్రావణపల్లి బ్లాకులోని బొగ్గును మాత్రమే!

మావాళ్లూ అమాయకులేం కాదు. 2023 నవంబర్ 30న చేతికి ఓట్లేసి, డిసెంబర్ 27న సంఘం ఎన్నికల్లో ఎర్రజెండా ఏఐటీయూసీకి గుర్తింపు కట్టబెట్టారు.

కాబట్టి 2028కి టికెట్ అడిగే ప్రతి ఒక్కరినీ కొత్తగూడెం పంపాలి. తండ్రి ఫిట్ అయితే కొడుకు ఇంట్లోనే. అన్‌ఫిట్ అయితే కొడుకు రావచ్చు, కానీ మా పిల్లల్లాగే బదిలీ వర్కరుగా మొదలుపెట్టాలి. ఏడాదిలో 190 మస్టర్లు నిండితేనే పర్మనెంట్. అసెంబ్లీ అన్ని రోజులు నడవదంటారా? అది మేనేజ్‌మెంట్ చూసుకోవాలి.