బావగారి ఐడిలింగు

ఆదివారం పొద్దున్నే బానెట్ లేపి, లుంగీ ఎగ్గట్టి, పది నంబరు స్పానరు నోట కరుచుకుని ఇంజను లోపలికి వంగిపోయిన మనిషి ప్రతి వీధికీ ఒకడుంటాడు. బయటికి కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. పలకరిస్తే లోపల్నుంచి "ఒక్క అయిదు నిమిషాలండి" అని వినపడుతుంది. కాకినాడ గాంధీనగర్‌లో మా సందుకి ఆ ఉద్యోగం మా బావగారు చేస్తున్నారు, సొంత ఖర్చుతో.

ఆయన చదివింది సివిల్. మా మేడ స్లాబు కారుతోందంటే "చూద్దాంలేవోయ్" అంటారు. కార్ల సంగతి మాత్రం అడక్కుండానే చెబుతారు.

బండి పాత మారుతీ జెన్. ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పుడు దానిది 993 సి.సి. ఇంజను, 50 హార్స్‌పవర్. "అదేం బలమోయ్, ఇసుక మోసే ట్రాక్టర్లు కూడా దాటిపోతున్నాయి" అని దాన్ని పీకించి, ఎస్టీమ్‌లో వచ్చే 1298 సి.సి. పదహారు వాల్వుల ఇంజను దింపించారు. 85 హార్స్‌పవర్. ఎనిమిది వందల కిలోలు కూడా తూగని కారుకి అది పడేసరికి ఎలా ఉంటుందో ఏడీబీ రోడ్డు మీద ఒకసారి మూడో గేరులో తొక్కి చూపించారు. నా వీపు సీటుకి అతుక్కుపోయింది, మా అక్క చేతిలో కాజాల పొట్లం వెనకద్దం దాకా వెళ్ళొచ్చింది. బాగుందనే చెప్పాలి. నేనూ ఇంకోసారి తొక్కమన్నాను.

పరుగుకి ఢోకా లేదు. చిక్కల్లా నిలబడ్డంలోనే. భానుగుడి సెంటర్లో సిగ్నల్ పడితే చాలు, డ్యాష్‌బోర్డు మీద ఆయన తగిలించిన టాకోమీటరు ముల్లు 850 దగ్గర కుదురుగా ఉండాల్సింది, రెండు వేలకి ఎగురుతుంది, ఆరు వందలకి పడుతుంది, మళ్ళీ ఎగురుతుంది. పక్కన స్కూటరు మీద ఉన్నాయన మేం తనతో పందేనికి వస్తున్నామనుకుని ఎక్సలేటరు సవరించుకుంటాడు. మే నెల ఎండ. అక్క "ఏవండీ, ఏసీ" అంటుంది. "వేస్తే ఆగిపోతుందే" అంటారు బావగారు, ఒకే పాదంతో బ్రేకూ ఎక్సలేటరూ రెండూ నొక్కిపట్టి. అది రేసుల్లో వాడే విద్యట. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఎస్టీమ్‌లు పందేలకి పరిగెత్తాయన్న మాట నిజమే. వాటిలో ఎవరూ వాళ్ళావిణ్ణి బజారుకి తీసుకెళ్ళలేదు.

చట్టం సంగతి ఎత్తకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన స్వరూపం మార్చొద్దంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే గట్టిగా చెప్పింది. ఆర్‌సీలో ఇప్పటికీ 993 అనే ఉంది. "అప్లికేషను పెడతాన్లే, ముందు ఐడిలింగు నిలబడనీ" అంటారు. ఈలోగా కానిస్టేబుల్ కనపడితే ఆయన మొహంలోకి వచ్చే అమాయకత్వం మా మేనల్లుడికి ఎల్‌కేజీలో కూడా లేదు.

జబ్బు ఎక్కడుందో వెతకడంలో బావగారికో పద్ధతుంది. తాను బిగించిన సామాను తప్ప లోకంలో ఉన్నవన్నీ అనుమానిస్తారు. మొదట సముద్రం. ఉప్పుగాలికి ఎర్త్ వైరు తుప్పు పట్టిందన్నారు, గీకారు, మార్చారు. తర్వాత కేంద్ర ప్రభుత్వం. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు కాబట్టి పాత రబ్బరు గొట్టాలు చెడిపోతున్నాయన్నారు. ఆ మాటలో కొంత న్యాయం ఉంది, కానీ గొట్టాలన్నీ మార్చాక కూడా ముల్లు ఎగురుతూనే ఉంది. ఆపైన ప్లగ్గులు. టెంపరేచర్ సెన్సారు. ఐడిల్ వాల్వు. థ్రాటిల్ బాడీకి పట్టిన మసి అక్క పళ్ళు తోముకునే బ్రష్‌తో వదిలించారు. బ్రష్ కడిగి యథాస్థానంలో పెట్టారు కూడా. తీసేసిన సామానంతా మా వరండాలో ఉంది. "పారెయ్యకోయ్, అవి బాగానే ఉన్నాయి" అంటారు. బాగానే ఉంటే తీయడం దేనికండీ అని అడగలేదు, ఆయన మా అక్క మొగుడు.

ఆ కారులోనే నన్ను పెద్దాపురం పెళ్ళిచూపులకి తీసుకెళ్ళారు. ఇంజను ఆపలేదు. వేడి మీద ఆపితే మళ్ళీ స్టార్టవదని భయం. లోపల మేం జంతికలు తింటున్నంతసేపూ గుమ్మంలో అది ఊఁ... ఊఁఊఁఊఁ... ఊఁ అని లేస్తూ పడుతూనే ఉంది. అమ్మాయి తాతగారు కాసేపు చెవొగ్గి విని, "పాపం, ఎవరికో ఆయాసంలా ఉందండి, లోపలికి పిలవండి" అన్నారు. ఆ సంబంధం కుదరలేదు. జాతకాలు కలవలేదని కబురొచ్చింది. నేనైతే ఇప్పటికీ ఐడిలింగు ఖాతాలోనే రాసుకున్నాను.

చివరికి జగన్నాథపురంలో ఒక ముసలి మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాం. స్కానరూ లేదు, కంప్యూటరూ లేదు. అడుగున్నర రబ్బరు గొట్టం ముక్క ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ఇంజను మీద మెల్లగా జరుపుకుంటూ పోయాడు. ఇన్‌టేక్ మానిఫోల్డు హెడ్డుకి కలిసే చోట ఆగి, గొట్టం బావగారి చేతికిచ్చాడు.

"వినండి. స్‌స్‌స్... గాలి పీల్చేత్తందండి ఇక్కడ."

థ్రాటిల్ మూసి ఉన్నా దొంగదారిన గాలి దూరితే ఇంజను వేగం పెరుగుతుంది. కాలు ఎక్సలేటరు మీద లేదు, వేగం చూస్తే ఎక్కువుంది, కారు ఏ వంతెనో దిగుతోందనుకుని కంప్యూటరు పెట్రోలు ఆపేస్తుంది. వేగం పడిపోగానే కంగారుపడి మళ్ళీ ఇస్తుంది. మళ్ళీ గాలి, మళ్ళీ పరుగు. ఇదంతా మేస్త్రి రెండు ముక్కల్లో చెప్పాడు: "దానికి బండి పోతందో నిలబడిందో తెలవట్లేదండి."

మానిఫోల్డు విప్పితే లోపల గ్యాస్కెట్టు ఒక మూల చిరిగి ఉంది. అసలుది దొరకలేదని, షీటు కొనుక్కొచ్చి, మా భోజనాల బల్ల మీద బ్లేడుతో బావగారు స్వహస్తాలతో కత్తిరించిన గ్యాస్కెట్టు. బల్ల మీద ఆ గాటు ఇంకా ఉంది. మేస్త్రి దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "ఇదెవరు చేసారండి?" అన్నాడు.

"ఎవడోలే" అన్నారు బావగారు. "ఈ రోజుల్లో పనివాళ్ళకి శ్రద్ధ లేదు."

"ఆయ్" అన్నాడు మేస్త్రి, గోదావరి జిల్లాల మర్యాదంతా ఆ ఒక్క అక్షరంలోకి కూరి.

కొత్తది పడింది. ముల్లు 850 దగ్గర కదలకుండా కూర్చుంది. భానుగుడి సిగ్నల్ దగ్గర అక్క ఏసీ వేసుకుంది, ఇంజను కిక్కురుమనలేదు. బావగారు టాకోమీటరు అద్దం మీద వేలితో రెండుసార్లు కొట్టి చూశారు. ఇంటికొచ్చినా మొహంలో కళ లేదు. ఆదివారం లుంగీ కట్టుకుని బానెట్ ఎత్తి, కాసేపు చూసి, దించేశారు. ఆ పూట మా స్లాబు సంగతి ఆయనే అడిగారంటే చూసుకోండి.

నాలుగు రోజుల తర్వాత పార్సిలొచ్చింది. లోపల తళతళలాడే ఇనప కడ్డీ.

"రేసింగ్ క్యామ్‌షాఫ్టోయ్. పైన ఆరువేలు దాటాక చూడాలి దీని దెబ్బ."

"మరి ఐడిలింగో?"

"నిలబడదు" అన్నారు బావగారు, మొహం చేటంత చేసుకుని. "దీనికి నిలబడకూడదుట!"