ఏడు గుంతల పెనం గోడు

నేను పోత ఇనుప పెనాన్ని. చుట్టూ ఆరు గుంతలు, నడుమ ఒకటి, పట్టుకోవడానికి ఓ పొడుగు పిడి. డెన్మార్క్‌లో డిసెంబరు వచ్చిందంటే ఎబ్లెస్కివర్ అనే గుండ్రటి తీపి పొంగనాలు పోసేది నా మీదే. రాయలసీమ ఇళ్లలో గుంతపొంగనాల పెనం చూసినవాళ్లకు నా రూపం వేరే వర్ణించక్కర్లేదు. ఒకరినొకరు ఎరగని తోబుట్టువులం. కరిగిన ఇనుమును ఇసుక అచ్చులో పోశారు, చల్లారాక అంచులు గీకారు. నా పుట్టుక అంతే. చెప్పుకోదగింది నా కొలువు. ఒక డేనిష్ నగరంలో (పేరెందుకు లెండి), లోకం మోర్మన్లని పిలిచే కడవరి దిన పరిశుద్ధుల సంఘం వాళ్లు పెళ్లికాని యువతీయువకుల కోసం ఒక కేంద్రం నడుపుతారు. దాని వంటింటి అరలో ఏళ్ల తరబడి ఉన్నాను. ఆ కేంద్రాన్ని చూసుకోవడానికి వయసు మళ్లిన మిషనరీ దంపతులు వచ్చేవాళ్లు. ఒక జంట వెళ్తే ఇంకో జంట దిగేది, నేను మాత్రం అక్కడే. అంతమందిని చూశాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే: ఆ దంపతుల సేవలో బోధకంటే బరువైన భాగం పొయ్యి దగ్గర నిలబడటం. పెనం నోట ఈ మాట వస్తే స్వార్థమనే అంటారు. అందుకే లెక్కలతో సహా చెబుతాను.

ముందు వాళ్లెవరో తెలియాలి. ఈ సంఘం మిషనరీలనగానే జనానికి గుర్తొచ్చేది తెల్లచొక్కా, టై, నల్ల బిళ్ల పెట్టుకుని ఇద్దరిద్దరుగా తిరిగే కుర్రాళ్లు. 2012లో బయల్దేరే కనీస వయసు అబ్బాయిలకు పద్దెనిమిదేళ్లకు, అమ్మాయిలకు పందొమ్మిదేళ్లకు తగ్గింది. అబ్బాయిలది రెండేళ్ల సేవ, అమ్మాయిలది ఏడాదిన్నర. దంపతుల తరహా వేరు. ఉద్యోగాలు విరమించి, పిల్లల పెళ్లిళ్లు చేసి, మోకాళ్లకు మందు రాసుకుంటూ వస్తారు. ఎదమీద అదే నల్ల బిళ్ల. డెబ్బై ఏళ్ల పెద్దాయనైనా ఎల్డర్‌గారే, ఆయన భార్య సిస్టర్‌గారే. జీతం లేదు. అద్దె, తిండి ఖర్చులు చాలావరకు సొంత పొదుపులోంచే. కుర్రాళ్లకున్నట్టు పొద్దున్నే నిర్ణీత వేళకు లేచే కట్టుబాటు గానీ, ఇల్లిల్లూ తలుపు తట్టే విధి గానీ వీళ్లకు లేదు. పొద్దున ఇద్దరూ కూర్చుని గ్రంథం చదువుకుంటారు, ప్రార్థన చేసుకుంటారు. తర్వాత సరుకుల చీటీ, సంచీ, బస్సు. యువ మిషనరీలు అద్దెకున్న గదులు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసి రావడం కూడా వీళ్ల పనే. ఆ గదుల్లో పెనాలు అనుభవించే దుర్గతి గురించి నేను ఇక్కడ మాట్లాడను. మధ్యాహ్నం కేంద్రం తాళం తీసి గదులు వెచ్చబెట్టాలి. సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ పాఠం ఉంటుంది; 1926లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, మాస్కో అనే ఊళ్లో విశ్వవిద్యాలయం పక్కన మొదలుపెట్టిన ఏర్పాటు అది. సోమవారం ఆటపాటలు. రాత్రి కప్పులు కడిగి తాళం వేయడం. పైకి పంపే నివేదికల్లో హాజరుకూ పాఠాలకూ బాప్తిస్మాలకూ చోటుంది. కప్పులు ఎవరూ లెక్కపెట్టరు.

ఇక నా లెక్క. ఒక్కో గుంతలో చిటికెడు వెన్న వేస్తారు. అది చుయ్యిమన్నాక పిండి పోస్తారు: మైదా, మజ్జిగ, గుడ్లు, యాలకుల పొడి. అడుగు గట్టిపడగానే అల్లిక సూదితో పావువంతు తిప్పాలి. పైన పచ్చిగా ఉన్న పిండి కిందికి జారి గుంతలో సర్దుకుంటుంది. మళ్లీ పావు, మళ్లీ పావు. అలా నాలుగు దఫాలు తిప్పితేగానీ బంతి కాదు. ఒకేసారి బోర్లిస్తే మూకుడు మూతలా సగమే మిగులుతుంది. వాయికి ఆరేడు నిమిషాలు, వాయికి ఏడు బంతులు. ముప్ఫైమంది వస్తే తలా అయిదు చొప్పున నూటయాభై, అంటే ఇరవై రెండు వాయలు. రెండు గంటలు దాటుతుంది. ఈ రెండు గంటలూ వృథా అని కొత్తగా వచ్చిన ప్రతి జంటా అనుకుంటుంది. నిజానికి ఈ రెండు గంటలే పని. సిస్టర్‌గారు పొయ్యి వదిలి కదల్లేరు, కళ్లు నా మీదే ఉంటాయి, చేతిలో సూది ఉంటుంది. పక్కన పళ్లెం పట్టుకుని నిలబడ్డ కుర్రవాడికి ఎవరూ తన ముఖంలోకి చూడటం లేదన్న ధైర్యం వస్తుంది. పరీక్ష పోయిందనో, తల్లిదండ్రులు విడిపోతున్నారనో, దేవుడున్నాడో లేడో తేలడం లేదనో అప్పుడే బయటపడుతుంది. సోఫాలో ఎదురుగా కూర్చోబెట్టి "ఎలా ఉన్నావు బాబూ?" అంటే "బాగున్నానండీ" అనే జవాబే వస్తుంది. నాలుగు దఫాల తిప్పుడు ఆ ప్రశ్న అడగకుండానే జవాబు రాబడుతుంది.

డెన్మార్క్‌లో ఇది ఎందుకింత అవసరమో చూడండి. సుమారు అరవై లక్షల జనాభాలో ఈ సంఘం సభ్యులు నాలుగు వేల పైచిలుకు. అందులో పెళ్లికాని యువత వందల్లోనే ఉంటారు, అదీ దేశమంతా చెదిరి. కాలేజీలో, పనిచోట, ఉంటున్న గదిలో తనలా నమ్మేవాళ్లు ఒక్కరూ లేకపోవడం వాళ్లకు మామూలు. స్నేహితులు కలిసేది బీరు దగ్గర; ఈ సంఘంలో మద్యం లేదు, కాఫీ టీలు కూడా లేవు. డేన్లు ఎబ్లెస్కివర్‌తో పాటు వేడి ద్రాక్షసారా తాగుతారు, ఇక్కడ దాని బదులు మసాలాలు వేసి కాచిన ఆపిల్ రసం. పైగా డిసెంబరు నడుమ పొద్దు పొడిచేది ఎనిమిదిన్నర దాటాక, మధ్యాహ్నం నాలుగు కాకముందే పొద్దు కుంకుతుంది. ఇరవై ఏళ్లు దాటుతూనే ఇల్లు వదిలి వేరుంటున్న పిల్లలకు ఆ చీకట్లో దీపం వెలిగే వంటిల్లు ఒకటి కావాలి. ఈ సంఘం డెన్మార్క్‌కు కొత్తదేమీ కాదని కూడా గుర్తుంచుకోవాలి. 1850లో ఎరాస్టస్ స్నో అనే అపొస్తలుడు కోపెన్‌హేగన్‌లో దిగాడు. మరుసటేడే మోర్మన్ గ్రంథం డేనిష్‌లో అచ్చయింది. ఇంగ్లీషు తర్వాత ఆ గ్రంథం వెలువడిన మొదటి భాష ఇదే. నమ్మిన డేన్లు వేలమంది ఓడలెక్కి యూటా వెళ్లిపోయారు, మూటల్లో నాలాంటి పెనాలు పెట్టుకుని. యూటాలోని ఎఫ్రాయిమ్ అనే చిన్న ఊళ్లో వాళ్ల వారసులు ఇప్పటికీ ఎబ్లెస్కివర్ పోస్తారు. అందుకే వచ్చిన దంపతుల్లో కొందరు నన్ను చూడగానే "అరె, మా నానమ్మ పెనం" అన్నారు. ఒక్క డేనిష్ ముక్క రాకపోయినా వాళ్లకు సూది పట్టడం తెలుసు. గర్వంగా చెబుతున్నాను, నా మంచి రోజులు వాళ్లవే.

తిండి ఆశ చూపి మతంలో కలుపుకోవడమేగా ఇది అని అడిగేవాళ్లున్నారు. తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. కేంద్రం పెట్టింది సువార్త కోసమే, కుర్ర మిషనరీలు కొత్తవాళ్లను తీసుకొచ్చేదీ అక్కడికే. కాదని నేను దబాయిస్తే నా మీద వేగిన పిండి కూడా నమ్మదు. అయితే ఎర అన్నది గాలాన్ని దాచిపెడుతుంది. ఇక్కడ సంఘం పేరు ఎదమీద బిళ్లగా వేలాడుతోంది, గోడమీద యేసు బొమ్మ ఉంది, తినేముందు ప్రార్థన ఉంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది సంఘంలో పుట్టి పెరిగినవాళ్లే. ఏడాదిపాటు తిని, బాప్తిస్మం మాటెత్తకుండా వెళ్లిపోయినవాళ్ల పళ్లెంలోనూ అవే అయిదు పడ్డాయి. నా దృష్టిలో పరీక్ష అక్కడుంది: చేరనని చెప్పేసిన పిల్లకు మరుసటివారం ఆరోది వేశారా లేదా? వేసిన జంటలున్నాయి. ఆ పిల్ల రాగానే ముఖం ముడుచుకున్న జంట కూడా ఉంది. ఆ రెండో రకానికి విమర్శ తగులుతుంది, తగలాలి కూడా.

ఇల్లు నడపడాన్ని మిషనరీ సేవ అనొచ్చా అన్నది సంఘంలోపలి వాళ్ల సందేహం. దీనికి మీ హైదరాబాదే సాక్ష్యం చెబుతుంది. సమోవా దీవుల్లో పనిచేస్తూ ఈ సంఘంలో చేరిన కీటక శాస్త్రవేత్త ఎడ్విన్ ధర్మరాజు, ఆయన భార్య ఎల్సీ 1978 డిసెంబరులో మిషనరీ దంపతులుగా హైదరాబాదు వచ్చారు. వాళ్లు వెళ్లింది వీధుల్లోకి కాదు, సొంత బంధువుల ఇళ్లకు. ఇరవైమందికి పైగా బాప్తిస్మం తీసుకున్నారు. 2012లో భారతదేశంలో ఈ సంఘపు మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన మండలం, హైదరాబాదులోనే ఏర్పడింది. మధ్యలో ఎందరో పనిచేశారు, ఒక్క జంటకే ఘనత కట్టబెట్టలేం. కానీ దంపతులుగా ఒక ఇంట్లో కూర్చోవడమన్నది మిషనరీ పనికి తోక కాదని, చాలాచోట్ల తల అని ఆ చరిత్ర చెబుతోంది.

వంట అంత ముఖ్యమైతే కేంద్రానికి వచ్చే ఆ పిల్లలే వండుకోవచ్చు కదా అంటారు. వండుతారు, కార్యక్రమాలు వేసుకునేది, పాటలు ఎంచుకునేది, బల్లలు సర్దేది వాళ్లే, అలాగే ఉండాలి. వాళ్ల దగ్గర లేనిది తీరిక. రేపు పరీక్ష లేనివాళ్లు, ఈ నెల అద్దె గురించి బెంగ లేనివాళ్లు, పెళ్లి సంబంధం కోసం చుట్టూ చూడని వాళ్లు గదిలో ఇద్దరుండాలి. ఆ తీరిక దంపతులకు ఊరికే రాలేదు, మనవలను వదిలి తెచ్చుకున్నారు. సొంత మనవల సంగతేమిటన్నదే నా లెక్కలో అన్నిటికంటే గట్టి అభ్యంతరం, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. యూటా గడియారం డెన్మార్క్‌కు ఎనిమిది గంటలు వెనక. అక్కడ సాయంత్రం నాలుగింటికి మనవరాలు బడినుంచి వస్తే ఇక్కడ అర్ధరాత్రి. అప్పటిదాకా మేలుకుని ఫోను బొమ్మలో మాట్లాడే సిస్టర్‌గారు పొద్దున పిండి కలిపేటప్పుడు కళ్లు నులుముకుంటారు. ఎవరో పిల్లలకు పెట్టిన పొంగనం సొంత పిల్లలకు పెట్టలేదన్నది నిజం. అయితే దీనికి గడువుంది. ఆరు నెలలకే వచ్చేవాళ్లున్నారు, రెండేళ్ల లోపు అందరూ ఇల్లు చేరతారు.

అసలు దెబ్బ ఆ గడువులోనే ఉంది, నా గోడూ అక్కడే. ఏడాదిన్నరలో పిల్లలు ఒకరిని నమ్మడం మొదలుపెడతారు, ఆ ఒకరు సూట్‌కేసు సర్దుకుంటారు. మనుషులు మారక తప్పనప్పుడు అలవాట్లయినా చేతులు మారాలి: ఏ అరలో ఏముంది, ఏ కుర్రవాడికి గుడ్డు పడదు, ఎవరు వంటింట్లోకి వస్తేనే మాట్లాడతారు. అవి అప్పగించినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. కొత్త జంట దిగిన మొదటివారంలో జరిగేది అరలు ఖాళీ చేయడం. నూనె తాగి తాగి నునుపెక్కిన నా నల్లటి పొరను మురికి అనుకున్నారు ఒక ఎల్డర్‌గారు. సాయం చేస్తున్నాననుకుని ఇనుప పీచుతో తెల్లవార్లూ తోమినంత పని చేశారు. ఏళ్ల పనితనం సింకులో కొట్టుకుపోయింది. తర్వాత వచ్చినవాళ్లు రాత్రంతా సబ్బునీళ్లలో నానబెట్టారు. ఇంకొకరు గిన్నెలు కడిగే యంత్రంలో వేశారు, బయటికి వచ్చేసరికి ఏడు గుంతల్లోనూ నారింజ రంగు తుప్పు. పిండి అంటుకుంది, బంతులు చిరిగాయి, "ఈ పెనం పాడైంది" అన్నారు. పాడుచేసిందెవరో ఎవరూ అడగలేదు. పైగా పాత పొయ్యి తీసేసి గాజుపలక ఇండక్షన్ పొయ్యి పెట్టారు. నా అడుగు ఎగుడుదిగుడు. ఆ పలకకు ఆనను, వేడెక్కను. దుకాణాల్లో మంచుగడ్డ కట్టిన ఎబ్లెస్కివర్ సంచుల్లో దొరుకుతాయి, ఓవెన్‌లో పెడితే కాసేపట్లో సిద్ధం. రుచికి వంక పెట్టను, గుండ్రంగానే ఉంటాయి. కాకపోతే పళ్లెం బల్లమీదికి రాగానే అందరూ కూర్చుంటారు, తింటారు, ఫోన్లు చూసుకుంటారు. ఆదా అయిన రెండు గంటలను ఎక్కడ ఖర్చుపెట్టారో నేను చూడలేదు. అప్పటికే అట్టపెట్టెలో, మెట్లకింద ఉన్నాను. పెట్టెలో నాకు తోడు దారం తెగిన నక్షత్రాల దండ, మూతలేని ఫ్లాస్కు, ఎవరో మర్చిపోయిన ఒంటి చేతితొడుగు. రెండు డిసెంబర్లు అక్కడే వాసన మాత్రం పీల్చాను, ఓవెన్ వాసన.

ఇప్పుడు పాత సామాన్ల దుకాణంలో ఉన్నాను, అలంకరణ వస్తువుల అరలో. గోడకు వేలాడదీసి గుంతల్లో ఎండుపూలు పెట్టుకుంటే బావుంటుందని ఒకావిడ తన స్నేహితురాలితో అంది. వంటకు కొనేవాళ్లు మొదట అడిగేది ఇండక్షన్ మీద పనిచేస్తుందా అని. పనిచేయను. గ్యాసు పొయ్యి గానీ పాతకాలపు కాయిల్ పొయ్యి గానీ ఉండాలి, అల్లిక సూది విడిగా కొనుక్కోవాలి. తుప్పు సంగతి పెద్దది కాదు. దొడ్డుప్పుతో గట్టిగా రుద్ది, కడిగి ఆరబెట్టి, నూనె పూసి నాలుగైదుసార్లు బాగా కాలిస్తే పోతుంది.