తాళం తీసినవాడికి ధరల పట్టిక

సంగారెడ్డి పాత జైలుని మ్యూజియం చేశారు. రెండు శతాబ్దాల నాటి ఆ గోడల మధ్య ఒక రోజు ఖైదీలా గడపాలని ఎవరికైనా ముచ్చట పుడితే తెలంగాణ జైళ్ల శాఖ 2016లో 500 రూపాయల రుసుము పెట్టింది. ఖైదీ బట్టలిచ్చేవారు, జైలు కూడు పెట్టేవారు. మరి అసలు జైల్లో, తాళం వేయాల్సిన ఉద్యోగి తన డ్యూటీని గాలికొదిలేస్తే 1894 నాటి ప్రిజన్స్ యాక్ట్ 54వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు వేయగల జరిమానా ఎంతో తెలుసా? 200 రూపాయలు. అంతకు మించకూడదు. కావాలంటే మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. హెల్మెట్ లేకుండా బండి నడిపితే మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం వెయ్యి రూపాయలు. కాబట్టి గేటు తీయాలన్న ఆలోచనలో ఉన్న జైలు ఉద్యోగికి మా మొదటి ఉచిత సలహా: డ్యూటీలో ఏమైనా చేయండి గానీ, ఇంటికి వెళ్లేటప్పుడు మాత్రం హెల్మెట్ మరవకండి.

ఆ 54వ సెక్షన్ని దొరలు ఎంత ముద్దుగా రాసుకున్నారో చూడాలి. నియమం తప్పినా, నోటీసు ఇవ్వకుండా ఉద్యోగం వదిలిపోయినా, సెలవు అయిపోయాక ఇంటిపట్టునే ఉండిపోయినా, అనుమతి లేకుండా వేరే కొలువు చేసుకున్నా, చివరికి పిరికితనం చూపినా అన్నిటికీ ఒకటే శిక్ష. డబ్బు పుచ్చుకుని ఒక జీవిత ఖైదీకి గేటు తీసినవాడిని పిరికివాడని ఎవరూ అనలేరు గనుక ఆ ఒక్క మాట మాత్రం అతనికి తగలదు. ఇంకో సొగసుంది. సెక్షన్ జైలరు దగ్గర మొదలై కిందికి దిగుతుంది. జైలరు పైన సూపరింటెండెంటు ఉంటాడు. ఆయన ఆ వాక్యంలో లేడు. నూట ముప్పై ఏళ్లుగా లేడు. 1894లో రెండు వందలంటే వార్డరుకి గుండె ఆగిపోయే మొత్తం. ఇప్పుడు నలుగురు హోటల్లో కూర్చుని టిఫిను తింటే చాలదు.

అయితే ఖైదీ పారిపోతే ఈ రెండు వందలతోనే సరిపెడతారా అంటే, లేదు, అన్యాయంగా మాట్లాడకూడదు. దానికి వేరే చట్టముంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత 222వ సెక్షన్ 260గా పేరు మార్చుకుంది. అంకె మారింది గానీ ధరలు పెరగలేదు. కావాలని ఖైదీని పారిపోనిచ్చినా, పారిపోవడానికి సాయపడినా ఉద్యోగికి ఎంత శిక్ష అనేది ఆ ఖైదీ ఎవడన్నదాన్ని బట్టి ఉంటుంది. ఉరిశిక్ష పడినవాడైతే యావజ్జీవం, లేదా 14 ఏళ్ల దాకా. యావజ్జీవమో, పదేళ్లూ ఆపైనో పడినవాడైతే ఏడేళ్ల దాకా. పదేళ్ల లోపు వాడైతే మూడేళ్ల దాకా, లేదంటే జరిమానాతోనే సరి. ఇంకా నేరం తేలకుండా విచారణలో ఉన్నవాడికి పక్కనే 259వ సెక్షన్ ఉంది, అక్కడ ధరలు ఇంకా దిగుతాయి. ఉరి పడగల కేసైతే ఏడేళ్లు, యావజ్జీవమో పదేళ్లో పడగల కేసైతే మూడు, తక్కినవాటికి రెండు. ఇవన్నీ గరిష్ఠ ధరలే సుమా, బేరం చేసుకోవచ్చు.

అంటే గేటు తీసే ముందు వార్డరు గారు ఖైదీ చేతిలోని నోట్ల కట్ట కన్నా ముందు అతని తీర్పు కాపీ చూడాలి. ఉరిశిక్ష వాడిని వదలడమూ జేబుదొంగను వదలడమూ ఒకటి కాదన్న తర్కం నాకూ అర్థమవుతుంది. కానీ మన జైళ్లలో ఉన్నవాళ్లలో, 2022 చివరి లెక్క ప్రకారం, నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. ఉన్న సరుకులో మూడొంతులు చౌక రకమే అన్నమాట.

అసలు కిటుకు 260లో లేదు, 261లో ఉంది. ఖైదీ ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల పారిపోతే సాధారణ జైలు రెండేళ్ల దాకా, లేదా జరిమానా, లేదా రెండూ. సాధారణ జైలంటే లోపల పని చేయించరు. కొందరికి అది కొత్త కాదు, డ్యూటీలోనూ అంతే. ఈ నేరానికి వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయరాదు, బెయిలు అడిగితే ఇచ్చి తీరాలి. పైగా ఇక్కడ ఖైదీ స్థాయితో పనే లేదు. ఉరికంబం నీడలో ఉన్నవాడు పోయినా, కోడిని దొంగిలించినవాడు పోయినా ఒకటే రేటు. కాబట్టి పరారీ జరిగిన మర్నాడు పొద్దున్నే జైల్లో ఒక వింత జరుగుతుంది. నిన్నటిదాకా చీమ చిటుక్కుమన్నా పసిగట్టేవాళ్లంతా ఒక్కసారిగా మందబుద్ధులైపోతారు.

వాళ్ల సంజాయిషీ ఎలా ఉంటుందో రాయడం నాకేమంత కష్టం కాదు. "అయ్యా, సదరు రాత్రి తలనొప్పిగా ఉండినందున మాత్ర వేసుకొని కుర్చీలో కూర్చొనియుండగా రెప్పపాటు కునుకు పట్టినది. సదరు బ్యారక్ తాళము పాతది అగుట వలన సరిగా పడలేదని తదుపరి తెలిసినది. సీసీ కెమెరా మరమ్మతు గురించి గతంలో మౌఖికంగా విన్నవించుకొనియుంటిని. ఇందు నా తప్పు ఏమియు లేదు, ఉన్నచో క్షమించగలరు." ఈ నాలుగు వాక్యాలకు మార్కెట్టు విలువ కట్టండి. పోయినవాడు జీవిత ఖైదీ అయితే ఏడేళ్ల శిక్ష రెండుకి దిగింది: ఐదేళ్ల తగ్గింపు. ఉరిశిక్ష వాడైతే, యావజ్జీవం మాట పక్కన పెట్టినా, పన్నెండేళ్లు. తెలుగు సాహిత్యంలో ఇంత పారితోషికం అందుకున్న రచన మరొకటి లేదు. డబ్బు చేతులు మారిందని రుజువైతే అవినీతి నిరోధక చట్టం 7వ సెక్షన్ మూడేళ్లకు తగ్గకుండా వేస్తుంది, అందుకే తలనొప్పి మాత్ర దగ్గరే దర్యాప్తు ఆగిపోవడం అందరికీ ఆరోగ్యం.

ఇక్కడొక చిన్న వింత. జర్మనీలో ఖైదీ తనంతట తాను పారిపోతే అది నేరమే కాదు. స్వేచ్ఛ కోరుకోవడం మనిషి సహజ గుణమని వాళ్ల లెక్క. తప్పించడానికి సాయపడితే మాత్రం నేరం, ఆ సాయం చేసింది కాపలా ఉద్యోగే అయితే ఐదేళ్ల దాకా. మన దగ్గర పారిపోయిన ఖైదీకి 262వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా, నిద్రపోయిన ఉద్యోగికీ రెండేళ్ల దాకా. గోడ దూకినవాడూ గురక పెట్టినవాడూ చట్టం ముందు సమానమే.

ఈ కళ మనకొక్కళ్లకే సొంతమని గర్వపడకూడదు. న్యూయార్క్ రాష్ట్రంలో డానెమోరా అనే ఊళ్లో క్లింటన్ కరెక్షనల్ ఫెసిలిటీ అని పెద్ద జైలుంది. 2015 జూన్ 6 తెల్లవారుజామున లెక్క చూస్తే రిచర్డ్ మ్యాట్, డేవిడ్ స్వెట్ అనే ఇద్దరు హంతకులు లేరు. పరుపుల మీద బట్టలు కుక్కిన బొమ్మలు పడుకుని ఉన్నాయి. గది వెనక ఉక్కు గోడకు కన్నం, కింద ఆవిరి గొట్టానికి కన్నం, జైలు గోడ అవతల వీధిలో మ్యాన్‌హోలు. పోతూ పోతూ గొట్టం మీద "హ్యావ్ ఎ నైస్ డే" అని నవ్వు బొమ్మ గీసిన చీటీ అంటించి మరీ పోయారు. రంపపు బ్లేడ్లు తెచ్చిపెట్టింది జైలు కుట్టుపని షాపులో సూపర్‌వైజరు జాయిస్ మిచెల్, గడ్డకట్టించిన మాంసం ముద్దలో దాచి. ఆ ముద్దను మెటల్ డిటెక్టరుకు చూపకుండా ఖైదీకి చేరవేసింది జీన్ పామర్ అనే పాత కాపు గార్డు. లోపల బ్లేడ్లున్నాయని తనకు తెలియదన్నాడు. స్క్రూడ్రైవరు, ప్లయర్సు కూడా తనే అందించాడు, మ్యాట్ గీసిచ్చిన బొమ్మలు ఇంటికి పట్టుకెళ్లాడు. ప్రపంచంలో చిత్రకారుడికి ఇంత విలువ ఇచ్చిన అభిమాని అరుదు.

రాత్రి లెక్కలు సరిగా తీయలేదని 2016లో ఆ రాష్ట్ర ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక తేల్చింది. స్వెట్ నెలల తరబడి రాత్రుళ్లు సొరంగాల్లోకి దిగి కోత పని చేసుకుని, తెల్లారేలోగా వచ్చి పడుకునేవాడు. ఆ జైల్లో నైట్ డ్యూటీ సక్రమంగా చేసింది అతనొక్కడే. మూడు వారాల గాలింపులో మ్యాట్‌ని కాల్చి చంపారు, స్వెట్ గాయంతో దొరికాడు. గాలింపుకు రెండు కోట్ల ముప్పై లక్షల డాలర్ల వరకూ ఖర్చయింది. మిచెల్‌కి రెండేళ్ల నాలుగు నెలల నుంచి ఏడేళ్ల దాకా శిక్ష. పామర్‌కి ఆరు నెలలు, 5,375 డాలర్ల జరిమానా. సత్ప్రవర్తన కింద నాలుగు నెలలకే బయటికొచ్చాడు. సూపరింటెండెంటుని సెలవు మీద పంపారు, ఆయన రిటైరయ్యాడు. కోర్టు బోనెక్కింది మాత్రం మాంసం తెచ్చిన చెయ్యి, మాంసం అందించిన చెయ్యి. అంతే.

మన తీహార్ జైలు దీనికి దాదాపు ముప్పై ఏళ్లు ముందే దారి చూపింది. 1986 మార్చి 16న చార్లెస్ శోభరాజ్ పుట్టినరోజు విందని చెప్పి మత్తుమందు కలిపిన మిఠాయి పంచి, కాపలావాళ్లు సోలిపోతే నడుచుకుంటూ బయటపడ్డాడు. అసలు పుట్టినరోజు ఏప్రిల్ 6. సరిగ్గా ఆ రోజునే గోవాలో ఒక రెస్టారెంటులో ఇన్‌స్పెక్టర్ మధుకర్ జెండే చేతికి చిక్కాడు. థాయ్‌లాండ్‌లో అతని మీద ఉన్న హత్య కేసుల వారెంటుకి ఇరవై ఏళ్ల గడువు. ఈ పరారీకి పడే అదనపు శిక్షతో ఆ గడువు ఇక్కడే దాటిపోతుందని అతను లెక్క వేసుకున్నాడంటారు. దాటింది కూడా. ఖైదీకి రెండు దేశాల చట్టాలు కంఠతా వచ్చు. కాపలావాడికి ఖైదీ పెట్టే మిఠాయి తినకూడదన్న ఒక్క ముక్క రాదు.

ఇక పై మెట్టు, కింది మెట్టు సంగతి. ప్రభుత్వోద్యోగిని డ్యూటీకి సంబంధించిన పనిమీద ప్రాసిక్యూట్ చేయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలంటుంది పాత సీఆర్‌పీసీ 197, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 218. ఈ గొడుగు అందరికీ కాదు. ప్రభుత్వం అనుమతి లేకుండా ఉద్యోగంలోంచి తీయలేని స్థాయి వాళ్లకే. జైల్లోనే ఎవరో పై అధికారి సంతకంతో ఉద్యోగం ఊడిపోయే వార్డరు ఆ గొడుగు కిందికి రాడు. వాన ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా? దేశంలో జైలు సిబ్బంది పోస్టులు పదింట దాదాపు మూడు ఖాళీ. రెండు షిఫ్టులు వరసగా చేసి నిజంగానే కునుకు తీసిన వార్డరూ, కునుకు తీసినట్టు రాసిచ్చిన వార్డరూ ఒకే ఫైల్లో, ఒకే సెక్షన్ కింద, ఒకే బెంచీ మీద కూర్చుంటారు. డ్యూటీ చార్టు వేసినవాడి పేరు, కెమెరా బిల్లు ఆపినవాడి పేరు, పేరున్న ఖైదీని వీఐపీ బ్యారక్‌కి మార్చమని ఫోను చేసినవాడి పేరు ఫైల్లో ఉండవు. ఫోనుకి సంతకం ఉండదు కదా.

సస్పెన్షన్ వార్త చదివి మనం తృప్తిగా పేపరు మడిచేస్తాం. సస్పెన్షన్ శిక్ష కాదని సర్వీసు నిబంధనలే చెబుతాయి. మొదట సగం జీతం జీవన భృతి. మూడు నెలలు దాటాక, ఆలస్యం ఉద్యోగి వల్ల కాకపోతే, దాన్ని ముప్పావు జీతం దాకా పెంచొచ్చు. విచారణాధికారి బదిలీ, సాక్షి బదిలీ, ఫైలు బదిలీ. పారిపోయిన ఖైదీ ఈలోగా దొరికితే అతని శిక్ష కూడా పూర్తయిపోవచ్చు.

పట్టుబడితే చట్టం కరవదని కాదు. 2016 నవంబరు 27న పంజాబులో నాభా జైలు మీదికి పోలీసు యూనిఫాంలో వచ్చిన సాయుధులు ఆరుగురిని విడిపించుకుపోయారు. వాళ్లలో ఖలిస్తాన్ లిబరేషన్ ఫోర్స్ నాయకుడూ ఉన్నాడు. జైళ్ల డీజీపీని సస్పెండ్ చేశారు, సూపరింటెండెంటుని, డిప్యూటీని ఉద్యోగంలోంచి తీసేశారు. 2023లో పటియాలా కోర్టు 22 మందిని దోషులుగా తేల్చింది, వాళ్లలో జైలు ఉద్యోగులూ ఉన్నారు. అంటే చట్టానికి పళ్లున్నాయి. పోయినవాడు తీవ్రవాది, చూసేవాళ్లు దేశమంతా అయితేనే నోరు తెరుస్తుంది. ఏ సబ్‌జైలు వంటగది కిటికీలోంచో గంజాయి కేసు వాడు జారిపోతే ఆ నోరు పెగలదు.

కేంద్రం 2023లో కొత్త నమూనా జైళ్ల చట్టం తయారుచేసి రాష్ట్రాలకు పంపింది. జైళ్లు రాష్ట్రాల పరిధిలోవి. రాసుకోవాల్సింది మన శాసనసభలే. రాసేటప్పుడు మూడు పనులు చేయండి. విక్టోరియా రాణి నాటి ఆ రెండు వందలను కొట్టేయండి. జైలరు దగ్గర ఆగిన వాక్యంలో సూపరింటెండెంటునీ చేర్చండి. పరారీ కేసు 261 కింద పెట్టే ప్రతి అధికారి చేత, 260 ఎందుకు వర్తించదో కారణం చూపి సంతకం పెట్టించండి.

ఇక పాఠకులకు ఒక మాట. "ఖైదీ పరారీ, వార్డరు సస్పెన్షన్" అన్న వార్త ఈసారి మీ జిల్లా పేజీలో కనిపిస్తే ఆ కటింగు దాచిపెట్టండి. ఆరు నెలలాగి జైళ్ల శాఖకు సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. ఏ సెక్షన్ కింద కేసు పెట్టారు? ఎవరెవరి మీద? ఆ రాత్రి డ్యూటీ చార్టు మీద సంతకం ఎవరిది? దరఖాస్తు రుసుము పది రూపాయలు.