బెస్ట్ రైడర్

2023 సంక్రాంతి కబడ్డీ ఫైనల్. చివరి కూత. రెండు జట్ల పాయింట్లూ సమానం. సుల్తానాబాద్ రైడర్ గీతకు దండం పెట్టి అవతలికి వెళ్లాడు.

అతనికి 26 ఏళ్లు. రాజీవ్ రహదారి పక్కన ఒక రైస్ మిల్లులో హమాలీ. పొద్దంతా బస్తాలు లారీకెక్కించి, మాపటికి ఆటకు దిగేవాడు. అటు రామగుండం నుంచి ఇటు జమ్మికుంట దాకా ఎక్కడ టోర్నమెంటు పెట్టినా అతనికి కబురొచ్చేది.

రైడర్ ఒక్కడే వెళ్తాడు. అవతల ఏడుగురుంటారు. ఉన్నది 30 సెకన్లు. ఆ ఏడుగురూ అతని ముఖం చూడరు, కాళ్లు చూస్తారు.

కార్నర్‌లో ఉన్నవాణ్ని తాకి వెనక్కి తిరిగాడు. ఒకడు దూకి ఎడమ మోకాలు పట్టాడు. ఇంకొకడు దాని మీద పడ్డాడు. ఇద్దరినీ ఈడ్చుకుంటూ నేల మీద పాకాడు. వేళ్లు మధ్యగీత దాటాయి. ముగ్గురు ఔట్, కప్పు సుల్తానాబాద్‌ది. మోకాలు తెగిన చప్పుడు స్కోరు రాసే బల్ల దాకా వినిపించింది.

"మా తమ్ముని ఖర్చంతా మాదే!" అని యువజన సంఘం పెద్ద మైకులో అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. కప్పు ఒక ఆటోలో ఊరేగింపుకు వెళ్లింది. అతను ఇంకో ఆటోలో దవాఖానకు వెళ్లాడు.

కరీంనగర్ డాక్టరు స్కాన్ చూసి లిగమెంటు తెగిందన్నాడు.

"పవన్ సెహ్రావత్ తెలుసుగా? ప్రో కబడ్డీలో తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలు పెట్టి కొన్నది. మొన్న అక్టోబర్‌లో మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోయింది. ఇప్పుడు ఆపరేషన్ చేయించుకుని నడుస్తున్నాడు. నువ్వూ చేయించుకో, కసరత్తు చెయ్యి, మళ్లీ కూతకు పోతావు. అప్పటిదాకా బస్తా ముట్టకు."

ఎంతవుతుందని అడిగితే చీటీ వెనక రాసి ఇచ్చాడు. 1,10,000.

సంఘం వాళ్లు చందాలు వసూలు చేశారు. అందులోంచి ముందు టెంటుకూ మైకుకూ లైట్లకూ కట్టాల్సి వచ్చింది. మిగిలింది నొప్పి మాత్రలకూ మోకాలి పట్టీకీ సరిపోయింది. మిల్లు సేటు అతన్ని పనిలోంచి తీసెయ్యలేదు. బస్తాల మూతులు కుట్టే దగ్గర కూర్చోబెట్టాడు. అక్కడ కూలి సగం.

చీటీని అంగీ జేబులో పెట్టుకునేవాడు. అంగీ ఉతికిన రోజు తీసి గూట్లో పెట్టి, ఆరాక మళ్లీ జేబులో పెట్టుకునేవాడు. మడతల దగ్గర చిరిగితే భార్య వెనక కాగితం అతికించింది.

అక్టోబర్ వచ్చింది. 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పవన్ కెప్టెన్‌గా భారత్ ఇరాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది. రెండు రోజులకు వేలంలో తెలుగు టైటాన్స్ అతన్ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. కబడ్డీలో అప్పటిదాకా ఎవరికీ అంత ధర రాలేదు. మిల్లు పిల్లగాళ్లు ఫోన్ తెచ్చి చూపించారు.

"ఆయనకు గూడ మోకాలే గదా అన్నా?"

"అవు" అన్నాడు. ఇంకో బస్తా ముందుకు లాక్కున్నాడు.

డిసెంబర్‌లో డాలస్ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఊరివాడే, వెళ్లి చాలా ఏళ్లయింది. ఆ ఫైనల్ వీడియో వాట్సాప్‌లో చూశాడు. మర్చిపోలేకపోయాడు. ఆ తమ్మునికి ఏదన్నా చెయ్యాలె, ఎంత పంపమంటారని అడిగాడు. సంఘం పెద్ద మిల్లుకు వచ్చాడు.

"అన్నా, డాక్టరు ఎంతన్నడే?"

రైడర్ చీటీ తీసి ఇచ్చాడు. ఆ పెద్ద దాన్ని ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.

2024 సంక్రాంతికి డాలస్ ఆయన స్వయంగా వచ్చాడు. మైదానం ముందు స్వాగత తోరణం మీద రైడర్ బొమ్మ ఉంది. ఒక కాలు గాల్లో, ఒక చెయ్యి ముందుకు. వేదిక మీద ఆయన పక్కన రైడర్‌కు కుర్చీ వేశారు. భార్యా పిల్లా ముందు వరసలో కూర్చున్నారు. ఫైనల్ అయ్యాక ఆయన మైకు అందుకున్నాడు.

"అమెరికా ఫుట్‌బాల్‌ల రన్నింగ్ బ్యాక్ అని ఒకడుంటడు. బంతి చంకల పెట్టుకొని ఉరుకుతడు. అవతలి 11 మంది వాని మీదనే పడతరు. మన రైడర్ లెక్కనే. మా డాలస్ టీముల ఎజికీల్ ఎలియట్ ఉండె. 2016ల వచ్చిన మొదటి యేడే 1,631 గజాలు ఉరికిండు, లీగ్ మొత్తంల వాన్ని మించినోడు లేడు. 2019ల ఆరేండ్లకు 9 కోట్ల డాలర్లు రాసిచ్చిండ్రు. దెబ్బలు తిని తిని జోరు తగ్గింది. పోయిన మార్చిల తీసేసిండ్రు. 27 ఏండ్లు వానికి. అక్కడ కాలు ఉన్నన్ని రోజులే మనిషి. మన ఊర్ల గట్ల కాదని చూపియ్యాలనే నేను వచ్చిన."

ఆయన గొంతు జీరబోయింది. రైడర్ భుజం మీద చెయ్యి వేశాడు. జనమంతా లేచి నిలబడ్డారు. రైడర్ భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇద్దరు కుర్రాళ్లు వెనకనుంచి నిలువెత్తు ఫ్లెక్సీ చెక్కు మోసుకొచ్చారు. దాని మీద పెద్ద అక్షరాల్లో రైడర్ పేరు. కింద 1,10,116 రూపాయలు.

రైడర్ ఎడమ మోకాలు చేత్తో పట్టుకుని లేచాడు. చెక్కు అతని చేతుల్లో పెట్టారు. ఫొటోలు తీశారు. సంఘం పెద్ద మైకులో చదివాడు.

"మా అన్న పేరు ఈ ఊర్ల ఎన్నటికీ నిలిచిపోవాలని ఈ యేటి నుంచి ఆయన పేరు మీద బెస్ట్ రైడర్ అవార్డు పెట్టినం. మొదటి అవార్డు మంథని జట్టు రైడర్‌కు, అన్న చేతుల మీదుగా!"

మంథని పిల్లవాడికి 19 ఏళ్లు ఉంటాయి. ఒళ్లంతా మట్టితో వేదిక ఎక్కి రైడర్ కాళ్లకు మొక్కాడు. రైడర్ వాణ్ని లేపి చెక్కు చేతికిచ్చాడు. చెవిలో చెప్పాననుకున్నాడు గానీ మైకు దగ్గరే ఉంది.

"తమ్మీ, ఈ పైసలు ఖర్సు పెట్టకు. మోకాలుకు దాసుకో."