వాన కావాలా? టికెట్టు తీయండి!

అనంతపురం జిల్లా గుమ్మఘట్ట మండల ప్రజలకు ముఖ్య గమనిక. వాన పడుతోంది. ఆదివారం కూడా సెలవు పెట్టకుండా పడుతోంది. కాకపోతే ఇక్కడ కాదు, బెంగళూరు దాటాక బిడదిలో. అక్కడి వండర్‌లా పార్కులో పాట మొదలవగానే నెత్తి మీద జల్లు. పాట ఆగిందా, వాన బంద్. నైరుతి అక్కర్లేదు. అల్పపీడనం అక్కర్లేదు. కప్పల పెళ్లీ వద్దు, విరాటపర్వం చదివించడమూ వద్దు. చేతిలో టికెట్టు ఉంటే చాలు.

మరి మనం ఇన్నేళ్లూ మెడలు పడిపోయేలా ఆకాశం కేసి చూసిందెందుకు? టికెట్టు కౌంటరు అక్కడుందని ఎవరు చెప్పారు గనక!

సరే, ఇప్పుడు తెలిసింది. పోదాం పదండి. అయితే ఇలాంటి పార్కులకు ఉత్తినే పోవడం ఈ రోజుల్లో నామోషీ. స్పెషల్ ఈవెంట్ చూసుకుని పోవాలట. దసరాకు ఓ మేళా, క్రిస్మస్‌కు ఓ చెట్టు, డిసెంబరు 31కి చెవులు పగిలే డీజే. రామోజీ ఫిల్మ్ సిటీలో చలి మొదలైతే వింటర్ ఫెస్ట్. అమెరికాలోని మనవాళ్లయితే ఫ్లోరిడా డిస్నీలో హాలోవీన్ పార్టీకి విడిగా టికెట్టు కొని మరీ దయ్యాల వేషం కడతారు. అక్కడ క్యూ తప్పించుకోవడానికి 1999లో పెట్టిన ఫాస్ట్‌పాస్ ఉచితంగా ఉండేది. 2021లో దాని బదులు వచ్చినదానికి డబ్బులు కట్టాల్సి వచ్చింది. ఔరా అనకండి. తిరుమలలో రూ.10,500 శ్రీవాణి దర్శనం చూసిన జాతికి మిక్కీ మౌస్ కొత్తగా నేర్పేదేముంది?

పెన్ను తీయండి. ప్లాన్ రాసుకుందాం.

మొదటిది డబ్బు. 2025–26లో మన ఉపాధి కూలి రోజుకు రూ.307. పండగనాడు పార్కు గేటు దాటాలంటే నాలుగు రోజుల కూలి పోగేసినా ఒక్క మనిషికి చాలదు. ముందే బుక్ చేస్తే తగ్గింపు ఉంటుందంటారు. ముందే బుక్ చేయాలంటే కూలి ముందే పడాలి కదా సామీ! ఏ వారం పనికి ఏ నెలలో డబ్బు పడుతుందో మీకేమైనా తెలుసా?

ఏలినవారికి మన ఆటపాటల మీద శ్రద్ధ లేదనకండి. 2018 జనవరిలో జీఎస్టీ కౌన్సిల్ ఒకే సమావేశంలో రెండు మంచి పనులు చేసింది. థీమ్ పార్కు ప్రవేశంపై పన్నును 28 నుంచి 18 శాతానికి దించింది. డ్రిప్ పరికరాలు, 20 లీటర్ల నీళ్ల క్యాన్లపై 18 నుంచి 12కు దించింది. ఆటకు పది తగ్గింది, దాహానికి ఆరు. డ్రిప్పు 5 శాతానికి దిగాలంటే 2025 దాకా ఆగాల్సి వచ్చింది. పంట ఆగుతుందిలే, జెయింట్ వీల్ ఆగుతుందా?

రెండోది పిల్లలు. ఇక్కడ మాత్రం మనకు బ్రహ్మాండమైన రాయితీ. వండర్‌లా గేటు దగ్గర పిల్లాణ్ని కొలబద్దకు ఆనించి నిలబెడతారు. మడమలు ఎత్తకుండా చూస్తారు. 85 సెంటీమీటర్లలోపు ఉచితం, 140లోపు పిల్లల టికెట్టు. వయసుతో పనే లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏమంది? ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరంది. చూశారా ముందుచూపు? కడుపులో కోత పెట్టి టికెట్టులో కోత ఇప్పించారు! సంక్షేమమంటే ఇంకేం కావాలి?

మూడోది ప్రయాణం. రాయదుర్గం–తుమకూరు రైలు మార్గం 2007–08లో మంజూరైంది. ఆ ఏడు పుట్టిన పిల్లాడు 140 సెంటీమీటర్లు ఎప్పుడో దాటేశాడు. రైలు ఇంకా తుమకూరు చేరలేదు. పోనీ బస్సు. బెంగళూరు బస్సు మనకు కొత్తా? చెనిక్కాయ ఎండిన ప్రతి ఏడూ ఎక్కుతూనే ఉన్నాం. సంచిలో ఈత దుస్తులు ఉండవు, తాపీ ఉంటుంది. అంతే తేడా.

నాలుగోది సీజన్. 2024 వేసవి గుర్తుందా? బెంగళూరులో 13,900 సర్కారు బోర్లుంటే 6,900 ఎండిపోయాయి. తన ఇంటి బోరే ఎండిందని సాక్షాత్తూ ఉప ముఖ్యమంత్రి డి.కె. శివకుమార్ చెప్పారు. అయినా హోలీ రెయిన్ డ్యాన్సులకు హోటళ్లు పోస్టర్లు వేసేశాయి. కావేరి నీళ్లతో, బోరు నీళ్లతో ఆ గంతులు వద్దని జలమండలి మొత్తుకోవాల్సి వచ్చింది. ఒక్క వేసవికే దేశమంతా గగ్గోలు, టీవీల్లో లైవులు. మన బోర్లు ఎండడం మొదలై ఎన్నేళ్లయింది? ఒక్క కెమెరా అయినా ఇటు తిరిగిందా?

పార్కులను తిడుతున్నాననుకునేరు. వాన నీటిని ఒడిసిపడతామంటారు, వాడిన నీటినే శుద్ధి చేసి మళ్లీ వాడతామంటారు. డబ్బు తీసుకుంటారు, అన్న టైముకు వాన కురిపిస్తారు. రైడు చెడిపోతే బోర్డు పెడతారు. వాళ్లది వ్యాపారం, దాచిందేమీ లేదు. సిగ్గుపడాల్సినవాళ్లు వేరే ఉన్నారు.

ఎందుకంటే మన జిల్లా మాత్రం పార్కు కాదా? ఈవెంట్లకేం కరువు? మేఘమథనమని విమానమెక్కి మబ్బుల్లో రసాయనాలు చల్లారు. అదొక షో. 2016 ఆగస్టులో రాష్ట్ర స్వాతంత్ర్య వేడుకలు అనంతపురంలోనే పెట్టారు. అదే నెల ముఖ్యమంత్రి చంద్రబాబు జిల్లాలో మకాం వేసి, ఎండుతున్న చెనిక్కాయ మీద రెయిన్ గన్లు పేల్పించారు. అదింకో షో. ఫొటోల్లో వాన బాగానే పడింది. 2024 ఫిబ్రవరిలో రాప్తాడులో జగన్‌గారి ‘సిద్ధం’ సభ. 2025 సెప్టెంబరులో అనంతపురంలో కూటమి వారి ‘సూపర్ సిక్స్ – సూపర్ హిట్’. జెండా ఏదైనా ప్రవేశం ఉచితం. నీళ్లు? అది ప్యాకేజీలో లేదు.

అన్నిటికన్నా పెద్ద రైడు మన మండలంలోనే ఉంది. భైరవానితిప్ప ప్రాజెక్టు (బీటీపీ). వేదావతి మీద 1961లో కట్టడం పూర్తి చేశారు. ఆయకట్టు 12,000 ఎకరాలు, కాగితం మీద. ఎగువన కర్ణాటకలో వాణీ విలాస సాగర్ 1933లో నిండి పొర్లింది, మళ్లీ 2022లో పొర్లింది. మధ్యలో ఎన్ని తరాలు క్యూలో నిలబడ్డాయో లెక్కేసుకోండి. జీడిపల్లి రిజర్వాయరు నుంచి కృష్ణా నీళ్లు ఎత్తిపోసి బీటీపీని నింపుతామని 2019 ఎన్నికల ముందు శంకుస్థాపన చేశారు. కొబ్బరికాయ పగిలింది, చప్పట్లు మోగాయి. ప్రభుత్వం మారింది. మళ్లీ మారింది. ఆ కృష్ణా నీళ్లు మాత్రం ఇంకా దారిలోనే ఉన్నాయి. ఇక్కడ ‘మరమ్మతులో ఉంది’ అని బోర్డు పెట్టే మర్యాద కూడా లేదే!

మేమేం ఉచితంగా అడగడం లేదు. ఓటనే టికెట్టు ముందే తీసుకున్నారుగా? పార్కువాడు పాటించే పాటి మర్యాద చాలు. జీడిపల్లి నీళ్లు ఏ తేదీకి వస్తాయి, ఎన్నాళ్లు వస్తాయి, ఏ ఊరి దాకా వస్తాయి? బీటీపీ గట్టు మీద రాసి పెట్టండి. రాకపోతే ఎందుకు రాలేదో, ఎవరు జవాబుదారో కింద సంతకం పెట్టండి.

అది చేతకాదా? అయితే ఇకపై మీ ఉత్సవాలకు మా ఊరికి బస్సులు పంపకండి. ట్యాంకర్లు పంపండి.