పండు ఈగ సంగతి

బంగినపల్లిని కోసుకుని తింటాం. కత్తి దిగగానే దాని గుట్టంతా పళ్ళెంలో ఉంటుంది. మా నూజివీడు చిన్న రసం అలాంటిది కాదు. అరచేతుల మధ్య మెత్తగా పిసికి, తొడిమ దగ్గర కొరికి, మొదటి సొన పిండి పారబోసి, నోరు పెట్టి జుర్రాలి. లోపల ఏముందో కంటికి తెలిసే వీల్లేదు. నాలిక్కి తెలిసేసరికి గొంతు దిగిపోయి ఉంటుంది. 2022లో మా ఊరు కృష్ణా జిల్లాలోంచి ఏలూరు జిల్లాలోకి మారింది. ఆ సంగతి చెట్లకు ఎవరూ చెప్పలేదు కాబట్టి తీపి తగ్గలేదు.

ఈ వేసవిలో మా అమ్మాయి అగ్రికల్చర్ బీఎస్సీ రెండో ఏడు ముగించుకుని ఇంటికొచ్చింది. మంచం కింద వరిగడ్డిలో ముగ్గిన పండొకటి ఏరి పిసుకుతున్నానో లేదో, "నాన్నా, పండు ఈగ సంగతి తెలుసా?" అంది.

"తెలీదు. తిన్నాక చెప్పు."

చెప్పేసింది. కాయ పక్వానికొచ్చే వేళకి ఆడ ఈగ వచ్చి, తోలుకు సూదిమొనంత గాటు పెట్టి లోపల గుడ్లు పెడుతుందట. రెండు మూడు రోజుల్లో పురుగులు పుట్టి గుజ్జు తింటూ పెరుగుతాయట. పైకి మాత్రం కాయ నిగనిగలాడుతూనే ఉంటుందట. తోటల్లో మిథైల్ యూజినాల్ బుట్టలు కడితే మగ ఈగలు ఆ వాసనకు ఎగబడి వచ్చి అందులో పడి చస్తాయి. వాటికీ ఇంట్లో చదువుకున్న పిల్ల ఉంటే బాగుండేది.

ఇన్నేళ్ళలో ఎన్ని పండ్లు తిన్నానో లెక్క మొదలుపెట్టి, మధ్యలో మానేశాను.

మా అమ్మ వత్తులు చేసుకుంటూ, "పండులో పుట్టి పండే తిన్నది. దానికేం రోగం?" అంది.

కాయల్ని ముగ్గబెట్టడానికి వాడే కార్బైడు దగ్గర మాత్రం అమ్మ వాదం చెల్లదు. తేమ తగిలితే ఎసిటిలిన్ వదిలే ఆ పొట్లంలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి. అందుకే దాన్ని నిషేధించి, 2016లో ఇథిలీన్ గ్యాసుకు, అదీ 100 పీపీఎం దాకా, అనుమతిచ్చారు. బజారులో కొన్నప్పుడు బండివాడు విసుక్కునేదాకా ఆరా తీస్తాను. అక్కడ తెలియకపోతే ఒంటికి చేటు. పురుగు తెలిస్తే చేటల్లా మనసుకే.

మర్నాడు రసాన్ని కత్తితో కోశాను. పీచు కత్తికి చుట్టుకుంది. రసం మోచేతి మీదుగా బనీనులోకి కారింది. పురుగు లేదు. తినడానికీ ఏమీ మిగల్లేదు. పొట్ట విప్పి చూడమన్న వేమన మేడిపండు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది.

"కోసుకునేవాడివి కలెక్టర్ కాయ తెచ్చుకో. రసం పరువెందుకు తీస్తావు?" అంది అమ్మ.

ఆ రాత్రి మంచినీళ్ళకని లేచాను. వంటింట్లో చీకట్లో ఎవరో జుర్రుతున్న చప్పుడు. స్విచ్ మీద చెయ్యి వేశాను.

"లైటు వెయ్యకు నాన్నా!"

తడుముకుంటూ వెళ్ళి పక్కన కూర్చుని, నాకూ ఒకటి ఇమ్మన్నాను.